ఈ రాత్రి గోలీ ఎవరు?

ఆట మొదలవడానికి ఇంకా ముప్పావుగంట ఉంది. రింక్‌లో మంచు అప్పుడే అలికిన అరుగులా నున్నగా ఉంది. కుర్చీలు సగం కూడా నిండలేదు. మా మేనల్లుడు ఒళ్లో పాప్‌కార్న్ డబ్బా, చేతిలో ఫోన్ పెట్టుకుని కూర్చున్నాడు. ఫోన్ తెరమీద సొంతగడ్డ జట్టు పేరు, దాని పక్కన 57. అంటే ఈ జట్టు ఈ రాత్రి గెలుస్తుందన్న కాంట్రాక్టు ఖరీదు 57 సెంట్లు. మావాడు అప్పటికే యాభై కొని పెట్టుకున్నాడు.

అంతలో లోపలి దారిలోంచి ఆటగాళ్లు వార్మప్‌కి వచ్చారు. అందరికన్నా ముందు, ఒంటినిండా పరుపులు చుట్టుకున్నట్టున్న గోల్‌కీపర్ మంచు మీద కాలు పెట్టాడు. వీపు మీది నంబరు చూడగానే మావాడు నమలడం ఆపేశాడు.

“అయిపోయింది మామయ్యా. ఇవాళ రావాల్సింది ఇతను కాదు.”

నేను ఫోన్ వైపు తలతిప్పేసరికి 57 కాస్తా 50 అయింది. ఒక్క గోలు పడలేదు. రిఫరీలు ఇంకా మంచు మీదికే రాలేదు. అయినా యాభై కాంట్రాక్టుల మీద మూడున్నర డాలర్లు హారతి కర్పూరమైపోయాయి.

పెన్సిల్వేనియాలో ఒక చిన్న ఊరు, ఒక మైనర్ లీగ్ ఐస్ హాకీ జట్టు. ఊరి పేరూ జట్టు పేరూ ఇక్కడ అనవసరం. మావాడు హారిస్‌బర్గ్ పక్కన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. ఆ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు బాగానే ఉన్నారు. వాళ్లలో చాలామందికి క్రికెట్టే ప్రాణం. వీడికెందుకో ఈ మంచు ఆట పట్టుకుంది. మొదట్లో ఆట చూడ్డానికి వెళ్లేవాడట. ఇప్పుడు ధర చూడ్డానికి వెళుతున్నాడని మా అక్క బాధ.

వార్మప్‌కి ముందుగా ఏ గోలీ దిగితే ఆ రాత్రి గోలు ముందు నిలబడేది అతనే. (హాకీవాళ్లు గోల్‌కీపర్ని గోలీ అంటారు, మన గోళీలాటతో చుట్టరికం లేదు.) ఇది రూల్ పుస్తకంలో లేదు, అందరూ పాటించే ఆనవాయితీ. పొద్దుటి సాధనలో దీనికన్నా ముందే ఇంకో ఆనవాలు దొరుకుతుంది: ముందుగా మంచు వదిలి లోపలికి వెళ్లిపోయిన గోలీయే సాయంత్రం ఆడేవాడు. అక్కడ కూర్చుని చూసినవాడికి ఆ సంగతి పొద్దున పదిన్నరకే తెలుస్తుంది. మావాడికి సాయంత్రం ఆరుంబావుకి తెలిసింది. ఆ మధ్యలో 57 సెంట్లకు మావాడికి కాంట్రాక్టులు అమ్మింది ఎవరో నాకు తెలియదు కానీ, పొద్దున ఎక్కడ కూర్చున్నాడో మాత్రం ఊహించగలను.

డాలరు, రెండు ముక్కలు

ప్రిడిక్షన్ మార్కెట్లో అమ్మే సరుకు ఒకటే, అవును–కాదు అని జవాబు చెప్పగల ప్రశ్న. ఫలానా జట్టు గెలుస్తుందా? ఫలానా నెలలో వడ్డీ రేటు తగ్గుతుందా? జవాబు అవునైతే ‘అవును’ కాంట్రాక్టు పట్టుకున్నవాడికి డాలరు, కాదైతే సున్నా. మీరు 57 సెంట్లకు ‘అవును’ కొంటున్నారంటే ఎదురుగా ఎవడో 43 సెంట్లు పెట్టి ‘కాదు’ కొంటున్నాడు. రెండు ముక్కలూ కలిస్తే డాలరు. ఆట అయ్యాక ఆ డాలరు ఒకడి జేబులోకి పోతుంది. ఆట అయ్యేదాకా ఆగనక్కర్లేదు, మధ్యలో ఎప్పుడైనా పెరిగిన ధరకో తగ్గిన ధరకో అమ్ముకుని లేచిపోవచ్చు.

బుకీతో పందెం అలా కాదు. అక్కడ ఎదుటి పక్షం బుకీయే. రేటు వాడిష్టం, పదేపదే గెలిచేవాడి పందెం పరిమితిని నాణేల స్థాయికి తగ్గించడం కూడా వాడిష్టం. ప్రిడిక్షన్ మార్కెట్ మాత్రం సంతలో కాటావేసే వాడిలాంటిది. ఎవరు కొన్నా ఎవరు అమ్మినా తన రుసుము తనకొస్తుంది, తెలివైనవాడంటే భయం లేదు. ఇందులో నిజమైన మంచి ఉందని ఒప్పుకోవాలి.

మరి చిక్కు ఎక్కడుంది? కాగితం మీద లెక్క వేస్తే కనిపిస్తుంది.

ఆ సాయంత్రం మావాడి తెరమీద ఆర్డర్ల పట్టీ చూశాను. అమ్మేవాళ్లు అడుగుతున్నది 57, కొనేవాళ్లు ఇస్తామంటున్నది 51. మధ్యలో ఆరు సెంట్ల గండి. పెద్ద లీగ్ ఆటల్లో ఈ తేడా ఒక్క సెంటే ఉంటుంది, ఎందుకంటే రెండు వైపులా జనం కిక్కిరిసి ఉంటారు. ఇక్కడ నూరు కాంట్రాక్టులు కొంటే 57 డాలర్లు. కొన్న మరుక్షణం మనసు మారి అమ్మితే చేతికొచ్చేది 51. దీనికితోడు రుసుము. ఈ రంగంలో పేరుమోసిన కల్షీ సంస్థ సాధారణ సూత్రం ప్రకారం కాంట్రాక్టుల సంఖ్యను ధరతోనూ, డాలరులో మిగిలిన భాగంతోనూ గుణించి, అందులో ఏడు శాతం తీసుకుంటారు. కొన్నప్పుడు 1.72 డాలర్లు, అమ్మినప్పుడు 1.75. మొత్తం మీద 57 డాలర్లలో దాదాపు తొమ్మిదిన్నర డాలర్లు, అంటే నూటికి 16కి పైగా, ఏ ఆటా ఆడకముందే కరిగిపోయాయి. పెద్ద ఆటలో గేటు రుసుము లాంటిది చిన్న ఆటలో దారి దోపిడీ అవుతుంది. దోచేవాడు ఒక మనిషి కాదు, ఆ ఖాళీయే దోస్తుంది.

ఆ ఖాళీలో నిలబడి రెండు వైపులా ధర చెప్పేవాళ్లను మార్కెట్ మేకర్లు అంటారు. హారిస్‌బర్గ్‌ని ఒరుసుకుంటూ పారే నది పేరు సస్కెహానా. ఫిలడెల్ఫియా శివారులో అదే పేరు పెట్టుకున్న ఒక మహా ట్రేడింగ్ సంస్థ 2024లో కల్షీలో మార్కెట్ మేకర్‌గా చేరింది. చిన్న హాకీ ఆటల్లో ఎదుటివైపు ఉండేది ఎవరన్నది తెరమీద కనిపించదు. అక్కడ అంకెలే ఉంటాయి, ముఖాలుండవు.

ఎద్దు బరువు

ఈ మార్కెట్లను సమర్థించేవాళ్లు ఎప్పుడూ చెప్పే కథ ఒకటుంది. 1906లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్ పశువుల ప్రదర్శనలో ఒక లావుపాటి ఎద్దును నిలబెట్టి, కోసి శుభ్రం చేశాక మాంసం ఎంత తూగుతుందో చెప్పమని పందెం పెట్టారు. టికెట్టు ఆరు పెన్నీలు. ఫ్రాన్సిస్ గాల్టన్ అనే పెద్దమనిషి ఆ తర్వాత పనికొచ్చే 787 టికెట్లు సంపాదించి లెక్క కట్టాడు. సరిగ్గా మధ్యన పడిన అంచనా 1,207 పౌన్లు. అసలు బరువు 1,198. పదిమంది నోట పడ్డ మాట పండితుడి మాటకన్నా తక్కువేం కాదని ఆ కథ సారం.

నాకు ఆ కథలో నచ్చింది బరువు కాదు, టికెట్టు. ఆరు పెన్నీలు పెట్టాలి కాబట్టి వెటకారానికి రాసేవాళ్లు తక్కువైపోయారని గాల్టనే అన్నాడు. ఇంకో సంగతీ ఉంది. ఎద్దు అందరి ఎదుటా నిలబడి ఉంది. కసాయివాడూ రైతూ గుమాస్తా అదే ఎద్దును చూశారు. ఎద్దు నిన్న రాత్రి మేత మానేసిందని ఒక్కడికే తెలిసి ఉంటే? ఆ 787 మంది స్థానంలో పదకొండు మందే ఉండి, అందులో నలుగురు మనుషులు కాక కంప్యూటర్ ప్రోగ్రాములై ఉంటే?

మంగళవారం రాత్రి జరిగే మైనర్ లీగ్ హాకీ ఆట సరిగ్గా అలాంటిదే. గోదావరి జిల్లాల్లో సంక్రాంతి బరుల దగ్గర తిరిగినవాళ్లకి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. బరి చుట్టూ వెయ్యిమంది అరుస్తుండొచ్చు, కానీ పుంజు కాలు రాత్రి బెణికిందన్న సంగతి దాన్ని పెంచినవాడికి, వాడి బావమరిదికి మాత్రమే తెలుస్తుంది. రేటు కదిలేది బావమరిది కదిలినప్పుడే.

బస్సు, మూడు రాత్రులు

అమెరికన్ హాకీ లీగ్ 1936లో పుట్టింది. ఇవాళ 32 జట్లు. పైనున్న నేషనల్ హాకీ లీగ్‌లోనూ 32. అక్కడి ప్రతి జట్టుకీ ఇక్కడొక నర్సరీ ఉన్నట్టు లెక్క. దీనికింద ఈసీహెచ్‌ఎల్ అని 1988లో మొదలైన ఇంకో మెట్టు. పై లీగ్‌లో ఆడేవాళ్లలో నూటికి దాదాపు 90 మంది ఏదో ఒక కాలంలో అమెరికన్ లీగ్ బస్సు ఎక్కినవాళ్లేనని ఆ లీగ్ గొప్పగా చెప్పుకుంటుంది. గొప్ప మాటే. కానీ పందెం కాసేవాడికి ఆ వాక్యంలో వేరే అర్థం కనిపించాలి. ఇక్కడి జట్టు గెలవడం కోసం ఉన్నది కాదు, మనుషుల్ని తయారుచేసి పైకి పంపడం కోసం ఉన్నది.

వాషింగ్టన్‌లో పై లీగ్ గోలీకి తొడ నరం పట్టేసిందనుకోండి. ఆ మధ్యాహ్నమే దాని నర్సరీ జట్టున్న హెర్షీ నుంచి మంచి గోలీని పైకి లాక్కుపోతారు. హెర్షీలో ఖాళీ పూడ్చడానికి ఇంకా కింది మెట్టులోని సౌత్ కరోలినా జట్టు నుంచి ఇంకొకణ్ని పిలుస్తారు. మూడు ఊళ్లలో మూడు జట్ల బలం ఒక్క ఫోన్ కాల్‌తో మారిపోతుంది. గాయం వివరం చెప్పరు, ‘ఒంటి పైభాగం’ అనో ‘ఒంటి కిందిభాగం’ అనో ఊరుకుంటారు. హాకీలో అది తరాలుగా వస్తున్న మర్యాద.

పైగా వారాంతపు కాలపట్టిక. శుక్ర, శని, ఆదివారాలు వరసగా మూడు రాత్రులు మూడు ఆటలు పడటం ఈ లీగ్‌లో మామూలే. మధ్యలో బస్సు ప్రయాణం. ఆటగాళ్లు ఎలాగో లాగించేస్తారు. గోలీ మాత్రం వరసగా రెండు రాత్రులు నిలబడటం అరుదు. అందుకని శనివారం ఆట ధర చూడగానే అడగాల్సిన మొదటి ప్రశ్న, శుక్రవారం ఎవరు నిలబడ్డారు? రెండోది, కోచ్ ఆదివారానికి ఎవర్ని దాచుకుంటున్నాడు? పై లీగ్‌లో అయితే పొద్దుటి సాధన దగ్గర పది పన్నెండు మంది విలేకరులు కాపలా ఉండి ఈ ముక్క క్షణాల్లో లోకానికి చేరవేస్తారు. ఇక్కడ ఊరి పత్రిక మనిషి ఒక్కడు వస్తే గొప్ప. ఈ మధ్య కొన్ని ఊళ్లలో ఊరి పత్రికే లేదు.

హెర్షీ అన్నాను కాబట్టి ఒక్కమాట. చాక్లెట్ కంపెనీ కట్టిన ఊరు. వీధి దీపాలు కూడా చాక్లెట్ బిళ్లల ఆకారంలో ఉంటాయి. అక్కడి బేర్స్ జట్టు 1938 నుంచి ఈ లీగ్‌లో ఉంది. ఏటా ఒక ఆటలో సొంత జట్టు మొదటి గోలు కొట్టగానే జనం దూది ఎలుగుబంట్లని మంచు మీదికి విసురుతారు, వాటిని ఏరి పిల్లలకి పంచుతారు. 2025 జనవరిలో విసిరినవి 1,02,343. ఆ గోలు పడ్డాక బొమ్మలు ఏరేవరకూ ఆట ఆగిపోతుంది. కోచ్‌కి ఊపు పోతుంది, గోలీకి కాళ్లు చల్లబడతాయి. దాన్ని ఏ ఫార్ములాలో పెట్టి ధర కడతారో మావాడిని అడిగాను. “అందుకే ఆ రోజు నేను ట్రేడ్ చెయ్యను, బొమ్మ పట్టుకెళతాను” అన్నాడు. వాడి మీద నాకు ఆశ ఇంకా చావకపోవడానికి అదొక కారణం.

ఈ లీగ్‌ల బతుకును సినిమా వాళ్లు బాగానే పట్టారు. 1977లో వచ్చిన ‘స్లాప్ షాట్’లో పాల్ న్యూమన్ మైనర్ లీగ్ జట్టుకి ఆటగాడూ కోచూ. ఊళ్లో ఉక్కు మిల్లు మూతపడబోతోంది, జట్టూ అమ్ముడుపోయేలా ఉంది. ఆ కథ రాసిన నాన్సీ డౌడ్‌కి ఆ సరుకు ఇచ్చింది స్వయానా తమ్ముడు. పెన్సిల్వేనియాలోని జాన్స్‌టౌన్ జట్టులో ఆడేవాడు.

నలభై రెండేళ్ల ఆపద్ధర్మ గోలీ

అంకెలకు లొంగని రాత్రి ఎలా ఉంటుందో ఒకసారి టొరంటోలో లోకమంతా చూసింది. 2020 ఫిబ్రవరి 22. పై లీగ్ ఆటే, కానీ కథానాయకుడు కింది లీగ్ మనిషి. కరోలినా జట్టు గోలీ జేమ్స్ రీమర్ గాయపడ్డాడు. అతని స్థానంలో వచ్చిన పీటర్ మ్రాజెక్ కూడా గాయపడ్డాడు. అప్పట్లో ఇలాంటి ఆపదకి ప్రతి రింక్‌లో ఒక అత్యవసర గోలీని కూర్చోబెట్టేవాళ్లు, ఏ జట్టుకి అవసరమైతే ఆ జట్టు వాడుకునేది. ఆ రాత్రి కూర్చున్నది డేవిడ్ ఏర్స్, 42 ఏళ్లవాడు. మంచు నునుపు చేసే జాంబోనీ బండి నడిపేవాడు. టొరంటో మైనర్ లీగ్ జట్టు మార్లీస్‌తో సాధనలో నిలబడేవాడు. 2004లో కన్నతల్లి ఇచ్చిన కిడ్నీతో బతుకుతున్నవాడు.

అతను మంచు మీదికి వచ్చేటప్పటికి కరోలినా 3–1తో ముందుంది. కాసేపట్లో ఇంకోటి కొట్టింది. ఏర్స్ మీదికి వచ్చిన మొదటి రెండు షాట్లూ గోల్లోకి పోయాయి. 4–3. ఆ క్షణంలో ‘కరోలినా గెలుస్తుంది’ అన్న కాంట్రాక్టు ఎవరైనా అమ్ముతుంటే ఎంతకి కొనేవాళ్లు? నేనైతే పావలాకి కూడా కొనేవాణ్ని కాదు. ఆ తర్వాత వచ్చిన ఎనిమిది షాట్లూ అతను ఆపేశాడు. అతని ముందు ఆడుతున్న పద్దెనిమిది మందీ పక్ అనే ఆ రబ్బరు బిళ్లని అతని దగ్గరికి రానిస్తేగా! కరోలినా 6–3తో గెలిచింది. ధర చెప్పే యంత్రం గోలీ గత చరిత్ర చూస్తుంది. జాంబోనీ డ్రైవరు కోసం ప్రాణం పెట్టి ఆడే జట్టును చూడలేదు.

ఉల్లిపాయలు కూడదు, హాకీ ఫరవాలేదు

అసలు ఇది చట్టసమ్మతమేనా? ఇక్కడ అమెరికా చట్టం నడిచిన దారి చూస్తే నవ్వొస్తుంది.

అక్కడ గోధుమ, పత్తి, చమురు ఫ్యూచర్లను (రేపటి సరుకుకి ఇవాళే ధర కట్టే ఒప్పందాలను) నడిపే సరుకుల మారకపు చట్టం 1936లో వచ్చింది, అమెరికన్ హాకీ లీగ్ పుట్టిన సంవత్సరమే. 1955లో షికాగోలో ఇద్దరు వ్యాపారులు ఊళ్లోని ఉల్లిపాయలు దాదాపు అన్నీ కొని గుప్పిట్లో పెట్టుకున్నారు. తర్వాత ధర పడుతుందని పందెం కట్టి, సరుకంతా ఒక్కసారి బజారులోకి తోశారు. యాభై పౌన్ల బస్తా ధర పది సెంట్లకు పడిపోయింది. ఉల్లిపాయలకన్నా ఖాళీ గోనెసంచే ఖరీదైపోయింది. కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి బస్తాలు పారబోసిన రైతును చూసినవాళ్లకి ఆ అమెరికా రైతుల ముఖాలు ఎలా ఉండి ఉంటాయో తెలుసు. 1958లో చట్టం చేసి ఉల్లి ఫ్యూచర్లను నిషేధించారు. ఆ నిషేధం ఇప్పటికీ ఉంది. 2010లో సినిమా వసూళ్ల ఫ్యూచర్లు కూడా వద్దన్నారు. అదే ఏడాది, యుద్ధం, ఉగ్రవాదం, హత్య, జూదం మీద కాంట్రాక్టులు ప్రజాహితానికి విరుద్ధమనిపిస్తే నియంత్రణ సంస్థ ఆపవచ్చని ఇంకో నిబంధన చేర్చారు.

కల్షీ అంటే అరబిక్‌లో ‘అన్నీ’ అని అర్థం. ఎంఐటీలో చదివిన తారెక్ మన్సూర్, లువానా లోపెస్ లారా 2018లో పెట్టిన సంస్థ. 2020లో సరుకుల నియంత్రణ సంస్థ అనుమతి వచ్చింది. ఎన్నికల కాంట్రాక్టులకు అదే నియంత్రణ సంస్థ అడ్డుపడితే కోర్టుకెళ్లి 2024 సెప్టెంబరులో గెలిచింది. 2025 జనవరిలో క్రీడల్లోకి దిగింది. పెద్ద లీగ్‌లతో మొదలైన పట్టీ మెట్టుమెట్టుగా కిందికి దిగుతూ మైనర్ లీగ్ హాకీ దాకా వచ్చింది. పేరు సార్థకమైంది.

రాష్ట్రాలకు ఒళ్లు మండింది. 2018 మేలో సుప్రీంకోర్టు క్రీడా పందేల సంగతి రాష్ట్రాలకే వదిలేశాక ఒక్కో రాష్ట్రం ఒక్కో రేటు పన్ను వేసుకుని లైసెన్సులిచ్చింది. పెన్సిల్వేనియా ఆన్‌లైన్ బుకీల రాబడిలో 36 శాతం లాగుతుంది, 21 ఏళ్లు నిండనివాణ్ని రానివ్వదు. ప్రిడిక్షన్ మార్కెట్లో 18 చాలు, ఆ పన్నూ లేదు. ఎందుకంటే ఇది జూదం కాదు, ఫ్యూచర్స్ అని వాదన. 2025 మార్చిలో నెవాడా, న్యూజెర్సీ ఆపమని నోటీసులిచ్చాయి. ఏప్రిల్‌లో రెండు చోట్లా కోర్టులు కల్షీ వైపు మొగ్గాయి. ఆగస్టులో మేరీలాండ్ కోర్టు మొగ్గలేదు. నవంబరులో నెవాడా జడ్జి తన ఉత్తర్వును తానే వెనక్కి తీసుకున్నాడు. ఈలోగా, 2025 అక్టోబరులోనే, నేషనల్ హాకీ లీగ్ అటు కల్షీతోనూ ఇటు దాని పోటీదారు పాలీమార్కెట్‌తోనూ ఒప్పందాలు చేసుకుంది. ఉత్తర అమెరికా పెద్ద లీగ్‌లలో ఆ పని చేసిన మొదటిది అదే.

నా మటుకు నాకు ఇది జూదమా వ్యాపారమా అన్న మీమాంస మీద పెద్ద ఆసక్తి లేదు. ఉల్లి ఫ్యూచర్స్‌ని నిషేధించింది జూదమని కాదు, ఇద్దరు మనుషులు కలిసి బజారునంతా మెలితిప్పగలిగారని. కాబట్టి అడగాల్సింది ఒకటే: ఈ బజారు ఎంతమందికి మెలితిరుగుతుంది?

జీతం ఎంత, తెలిసిన రహస్యం ఎంత

పై లీగ్‌లో 2025–26 సీజన్‌లో కనీస జీతం ఏడాదికి 7,75,000 డాలర్లు. అమెరికన్ లీగ్‌లో కనీస జీతం అందులో పదో వంతు కూడా ఉండదు. ఈసీహెచ్‌ఎల్‌లో జీతం వారానికింత అని లెక్క, అదీ వందల డాలర్లలో. ఆ జీతానికి ఆడే కుర్రాడికి తెలిసిన చిన్న సంగతి, అంటే ‘రేపు నేను ఆడట్లేదు’ అన్న మూడు ముక్కలు, బజారులో ఏడు సెంట్ల విలువ చేస్తాయని ఇందాక చూశాం. ఆ సంగతి అతనితోపాటు రూమ్మేటుకి, ఫిజియోకి, సామాన్లు మోసే కుర్రాడికి, బస్సు డ్రైవరుకి కూడా తెలుస్తుంది. వాళ్లలో ఎవరూ దొంగలని నేననడం లేదు. తాళం లేని ఇంట్లో బీరువా పెట్టారంటున్నాను.

భయానికి ఆధారం లేకపోలేదు. 2024 ఏప్రిల్‌లో బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ జీవితకాల నిషేధం వేసిన జాంటే పోర్టర్ పెద్ద తార కాదు. పై జట్టుకీ కింది జట్టుకీ మధ్య తిరుగుతూ, రెండు లీగ్‌లకీ పనికొచ్చే చిన్న కాంట్రాక్టు మీద ఉన్నవాడు. జూదం అప్పుల్లో పడి, తన ఆరోగ్యం గురించి ముందే పందెగాళ్లకి ఉప్పందించాడు, ఒంట్లో బాగాలేదని ఆటలోంచి ముందే తప్పుకున్నాడు. నేరం ఒప్పుకున్నాడు. అక్కడ పందెం మొత్తం ఆట మీద కాదు, ఆ ఒక్క మనిషి తక్కువ స్కోరు చేస్తాడని. ఎవరూ పట్టించుకోని మనిషి మీద పెద్ద మొత్తం పడటమే అతన్ని పట్టించింది కూడా. చిన్న బజారులో ఇదొక రక్షణ. పెద్ద డబ్బు దాక్కోవడానికి చోటుండదు. కానీ చిన్నచిన్నగా, నెలల తరబడి, వారానికి నాలుగొందల డాలర్లు లాగేవాణ్ని ఎవరు పట్టుకుంటారు?

మన మట్కా, వాళ్ల పత్తి

అమెరికావాడి బజారు మీద మనవాళ్లు పందెం కాయడం కొత్తేమీ కాదు. రాయలసీమ పట్నాల్లో ఒకప్పుడు సంసారాలు గుల్ల చేసిన మట్కా పుట్టుక చూడండి. న్యూయార్క్ పత్తి మార్కెట్లో ఆరంభ ధర, ముగింపు ధర తంతి యంత్రం మీద బొంబాయికి వచ్చేవి. ఆ అంకెల మీద పందేలు. పత్తి ఎవరికీ అక్కర్లేదు, అంకె కావాలి. 1961లో న్యూయార్క్ ఆ ధరలు పంపడం ఆపేసింది. పందెం ఆగిందా? చీటీలు కుండలో వేసి తియ్యడం మొదలుపెట్టారు. మట్కా అంటే కుండే.

ఇవాళ మన దగ్గర దారి మూసే ఉంది. ఆన్‌లైన్ పందేలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. ‘ఒపీనియన్ ట్రేడింగ్’ పేరుతో ఇదే అవును–కాదు ఆటను మన దేశంలో నడిపిన యాప్‌లు తన పరిధిలోకి రావని సెబీ 2025 ఏప్రిల్‌లో హెచ్చరించింది. ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. నడిపేవాడికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆ దెబ్బకి ఆ యాప్‌లు దుకాణం కట్టేశాయి. మావాడు దీన్ని పాతకాలపు ఆలోచన అంటాడు. వాడి తాత మట్కాలో అరెకరం పోగొట్టుకున్న సంగతి వాడికి చెప్పింది అక్కే, గుర్తుచేసిందీ అక్కే.

ఆఖరి రెండు నిమిషాలు

మళ్లీ రింక్‌లోకి వద్దాం. మావాడు తిట్టుకున్న గోలీయే ఆ రాత్రి అందరికన్నా బాగా ఆడాడు. మూడో పీరియడ్‌లో ఇంకా రెండు నిమిషాలుందనగా సొంత జట్టు 2–1తో ముందుంది. ఫోన్‌లో 88. అమ్మెయ్యరా అన్నాను. చూపించాడు: 88కి కొంటామన్నవాడు అయిదింటికే కొంటాడు. ఆ కింద వరస 79 దగ్గరుంది. మధ్యలో శూన్యం. “ఇంకో నిమిషం ఆగితే తొంభై అయిదు మామయ్యా,” అన్నాడు.

ఎదుటి జట్టు తన గోలీని వెనక్కి పిలిచి ఆరో ఆటగాణ్ని దింపింది. వాళ్ల గోలు ఖాళీగా, నోరు తెరుచుకుని ఉంది. మనవాళ్లు దూరం నుంచి ఒకటి కొట్టారు, అంగుళంలో తప్పిపోయింది. నలభై సెకన్లు మిగిలి ఉండగా పక్ ఎవరి కాలికో తగిలి దారి మారి మన గోలీ భుజం మీదుగా లోపల పడింది. జనమంతా ఒక్కసారి ఊపిరి వదిలారు. మావాడు మంచు వైపు చూడలేదు. ఫోన్‌లో కొనేవాళ్ల వరస మొత్తం మాయమై, మళ్లీ మెల్లగా 50 దగ్గర తేలింది. అదనపు సమయం తేలలేదు, షూటౌట్‌లో ఎదుటివాళ్లు గెలిచారు. మన గోలీ ఒక్కడే మంచు మీద కాసేపు ఉండిపోయి, గోలు ముందు గీరుకుపోయిన మంచుని కర్రతో సర్ది, తర్వాత లోపలికి వెళ్లాడు.

మర్నాడు పొద్దున అక్క పెసరట్లు వేస్తూ అడిగింది, “నిన్న ఎవరు గెలిచారురా?”

“ఇరవై తొమ్మిది డాలర్ల ముప్పై ఆరు సెంట్లు పోయాయమ్మా.”

“అది కాదురా, ఎవరు గెలిచారు?”

వాడు ఫోన్ తీసి చూశాడు.